వీరగల్లుకు ఇవతల

తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటం మన అభ్యుదయ సాహిత్యానికి ఇచ్చినంత వస్తువును మరే ఉద్యమమూ ఇవ్వలేదు. పాట, బుర్రకథ, నాటకం, కథ, నవల - ప్రతి ప్రక్రియా ఆ పోరాటం వల్ల బలపడింది. ఆ సాహిత్యాన్ని తరగతిలో చెబుతూ వచ్చిన నాబోటి ఉపాధ్యాయునికి పిల్లలు తరచుగా వేసే ప్రశ్న ఒకటుంది: "తర్వాత ఏమైంది సార్?" 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారని చెబితే వాళ్ళు తృప్తిపడరు. వాళ్ళడిగేది తేదీని కాదు, మనిషిని. అడవి దిగివచ్చిన ఆ మనిషి ఎవరింటికి వెళ్ళాడు? ఆ యింటి తలుపు తెరుచుకుందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే కథ కోసం వెతికితే, మన అల్మారాలో దొరికేవి చాలా తక్కువ.

ఇది చిన్న ప్రశ్న అని కొందరనవచ్చు. భూమి సమస్య ముందు ఇంటి సమస్య ఎంత అని అడగవచ్చు. కాని దొరలకు ఈ రెండూ వేరని ఎన్నడూ అనిపించలేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖును ఎదిరించి కౌలు పొలం పంటను ఇంటికి చేర్చుకున్నది. దొర మనుషులు ఆమె ఇంటిని తగలబెట్టారు. పొలం మీద ఓడినవాడు గడప మీద దెబ్బతీశాడు. ఆ తర్వాత సైన్యమూ పోలీసులూ చేసిందీ అదే. దళంలోకి వెళ్ళినవాడి ఇల్లు సోదాకు మొదటి గురి. పోరాటమంటే నిలువనీడను పణంగా పెట్టడమన్నమాట. మన సాహిత్యం ఆ పణాన్ని కీర్తించింది. అది తిరిగివచ్చిందా లేదా అన్న లెక్క మాత్రం చూడలేదు.

ఎందువల్ల? దీనికి కారణం వస్తువులోనే కాదు, రూపంలోనూ వుంది. మా నల్లగొండ, పాలమూరు జిల్లాల ఊళ్ళలో వీరగల్లులు చూసినవారికి ఒక సంగతి తెలిసే వుంటుంది. వీరగల్లు చనిపోయినవాడికే నిలబెడతారు. కింద యుద్ధం, పైన స్వర్గం. గాయపడి ఇంటికి తిరిగివచ్చి, పశువుల కొట్టంలో మంచం వేసుకొని నలభై ఏళ్ళు బతికినవానికి ఆ రాతిమీద చోటులేదు. పోరాట సాహిత్యం తనకు తెలియకుండానే ఈ పాత శిల్పి పద్ధతిని అందిపుచ్చుకుంది. కృష్ణచందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' ఉరికి ముందు రాత్రి జైలులో వున్న యువకుడి జ్ఞాపకాల మీద నడుస్తుంది. తెల్లవారితే ఉరికంబం ఎక్కేవానికి ఇల్లు అక్కర్లేదు. ఆ నవల ఆధారంగా తీసిన 'మా భూమి' చిత్రం 1980లో విడుదలై ఒక తరాన్ని కదిలించింది. అంతకు చాలా ముందే, 1947లో, సుంకర, వాసిరెడ్డి అదే పేరుతో రాసిన నాటకాన్ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. పేర్లను గమనించండి. 'మా భూమి' అన్నాం. 'మా ఇల్లు' అనలేదు.

వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' పోరాటానికి ముందరి చైతన్యాన్ని చిత్రించింది. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు'లో దొరతనాన్నీ, 'మోదుగుపూలు'లో తిరుగుబాటునూ, 'జనపదం'లో పోలీసు చర్య తర్వాతి గ్రామాన్నీ వరుసగా చేపట్టారు. మహీధర రామమోహనరావు 'మృత్యువు నీడల్లో' కూడా ఈ కోవలోదే. వీటి విలువను తగ్గించడం నా ఉద్దేశం కాదు. తొలినాటి రచనలు నిర్బంధం నడుస్తున్న రోజుల్లో ఆయుధాలుగా పుట్టాయి. యుద్ధంలో వున్న కత్తిని ఒరను గురించి అడగడం న్యాయం కాదు. కాని నిర్బంధం ముగిసి దశాబ్దాలు గడిచాక కూడా మన కథకులు అదే ముగింపును, అదే ఎర్రని ఉదయాన్ని తిరిగి తిరిగి రాశారంటే, దాన్ని చారిత్రకావసరమని సమర్థించలేం. అది అలవాటు.

ఈ అలవాటును మొదట గట్టిగా ప్రశ్నించినది సృజనాత్మక రచన కాకపోవడం గమనించదగ్గది. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'ను ప్రచురించింది. పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ మాటల్లో చెప్పుకున్న జీవితాలవి. అందులో కమలమ్మ అడవిలో కన్న బిడ్డను ఇతరులకు ఇచ్చేయవలసివచ్చిన సంగతి చదివినవారు మరిచిపోలేరు. ఆ పుస్తకాన్ని త్యాగాల పట్టికగా చదివితే సగమే చదివినట్లు. అందులో నన్ను నిలదీసిన విషయం వేరే వుంది. రహస్య స్థావరాన్ని - ఆనాటి మాటలో 'డెన్' - నిలబెట్టింది స్త్రీలే. ఒంటరి మగవాళ్ళు అద్దెకు దిగితే ఊరికి అనుమానం వస్తుంది. వాకిట్లో ముగ్గు, పొయ్యిమీద కుండ, దండెం మీద చీర వుంటే అది సంసారమనుకుంటుంది. అంటే నాయకత్వానికి నీడనిచ్చిన ఆ యిల్లు స్త్రీ చాకిరీతో తయారైన ఇల్లు. తీరా పోరాటం ఆగిపోయాక ఆ స్త్రీకే ఇల్లు లేదు. పుట్టింటికి ఆమె పరువు తక్కువ మనిషి. అత్తింటికి అడవి పట్టిపోయిన మనిషి. ఉద్యమానికి ఇక ఇంటికి వెళ్ళి సంసారం చేసుకోవలసిన మనిషి. ఈ మూడు గడపల మధ్య నిలబడిన స్త్రీ కంటె గొప్ప నవలా వస్తువు ఏముంటుంది?

ఆ వస్తువును చివరకు ఒక యోధురాలే స్వయంగా రాసుకోవలసివచ్చింది. కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' 2012లో వెలువడేనాటికి ఆమెకు తొంభై దాటాయి. ఆమె తెలంగాణా పల్లెల మనిషి కాదు, కృష్ణాజిల్లా పామర్రులో పుట్టినది. కాని అదే పార్టీ, అదే నిర్బంధం, అదే అజ్ఞాతవాసం. ఆ పుస్తకాన్ని ఆమె తలదాచుకున్న చోట్ల చరిత్రగా చదివిచూడండి. మారుపేర్లతో మార్చిన ఇళ్ళు. అజ్ఞాతవాసం ముగిశాక భర్త విడిచిపెట్టిన బతుకు. ముప్పయి దాటిన వయసులో ఆంధ్ర మహిళా సభలో చిన్నపిల్లల పక్కన కూర్చొని చదువు. కాకినాడలో ఆడపిల్లల హాస్టలులో మేట్రన్ ఉద్యోగం: పరుల పిల్లలకు నీడనిచ్చే కొలువు. వార్ధక్యంలో హైదరాబాదులోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమం. కడకు విశాఖలో మనుమరాళ్ళ దగ్గర. నూరేళ్ళు నిండాక 2018లో ఆమె కన్నుమూశారు. ఇంత నడకలో ఇది నా ఇల్లని ధీమాగా అనగలిగిన చోట్లు ఎన్నో పాఠకుడే లెక్కపెట్టుకోవాలి. ఆమె వచనంలో ఉద్రేకం లేదు, నిందా లేదు. ఆ నెమ్మదే మనలను ఎక్కువ కలతపెడుతుంది.

ఈ దుస్థితి మన ఒక్కరిదే కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన అమెరికన్ సైనికులకు 1924 చట్టం ఒక బోనసును ప్రకటించింది. కాని దాన్ని 1945లో ఇస్తామన్నది. మాంద్యంలో కొలువూ గూడూ పోయినవారు వేలాదిగా 1932లో వాషింగ్టన్ చేరి, రేకులతో చెక్కలతో గుడిసెలు వేసుకున్నారు. జూలై 28న అదే దేశపు సైన్యం వాళ్ళను తరిమింది; గుడిసెలు తగలబడ్డాయి. నేటికీ అక్కడ మాజీ సైనికులు కార్లలో, ఫుట్‌పాత్‌ల మీద రాత్రులు గడుపుతున్నారు. ఇల్లులేని మాజీ సైనికులు 2010 లెక్కల్లో సుమారు 74 వేలు, 2024 జనవరి లెక్కల్లో సుమారు 33 వేలు. అద్దెకు సాయమిచ్చి, ముందు ఇల్లు చూపించే పథకాలు ఈ తగ్గుదలకు ముఖ్య కారణం. నిలువనీడ లేకపోవడం విధి కాదనడానికి ఇంతకంటె రుజువేం కావాలి?

అక్కడి కళకూ ఒక ప్రమాదం వుంది. 2021లో ఆస్కార్ పొందిన 'నోమాడ్‌ల్యాండ్' చిత్రంలో ఉపాధి కూలిపోయిన ఊరి స్త్రీ తన వ్యానునే ఇల్లు చేసుకుంటుంది. ఆ నటనకు జోహార్లు. కాని విశాలమైన ఆ ఎడారుల, సంధ్యల అందం చూస్తూ చూస్తూ ఆమె లేమిని స్వేచ్ఛగా భ్రమిస్తాం. మనం అడవిని తల్లిని చేసి పాడినట్టే, వాళ్ళు రహదారిని స్వేచ్ఛను చేశారు. నల్లమలలో వానకు తడిసిన మనిషికి అడవి తల్లి అయిందో లేదో అడిగి రాయాలి. ముందే నిర్ణయించుకొని రాయకూడదు.

మన యోధుల విషయంలో మరొక చిక్కు వుంది. అమెరికన్ సైనికుడు రాజ్యం పంపగా వెళ్ళినవాడు. మనవారు రాజ్యాన్ని ఎదిరించినవారు. స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం జైలు కాగితమో, అజ్ఞాతవాసానికి రుజువుగా వారంటు వంటి ప్రభుత్వ పత్రమో అడిగింది. డెన్ నడిపిన స్త్రీ సమర్థతకు గుర్తే ఆమె పేరు పోలీసు కాగితాలకు ఎక్కకపోవడం. బాగా పనిచేసిన నేరానికి రుజువు లేనిదయింది! ఇంతటి వైరుధ్యం ఒక్క కథలోకైనా ఎక్కవలసింది.

ఇవన్నీ రాస్తే ఉద్యమానికి చెడ్డపేరు వస్తుందనీ, ప్రత్యర్థులకు ఆయుధం ఇచ్చినట్టవుతుందనీ శంకించే మిత్రులున్నారు. ఆ శంకకు కోటేశ్వరమ్మ పుస్తకమే సమాధానం. అంత నష్టాన్ని చెప్పిన ఆమె ఆ ఆశయాన్ని తప్పనలేదు. చెల్లించిన వెలను దాచిపెడితే పోరాటం గొప్పదనం పెరగదు, తరుగుతుంది. వాస్తవికత అనే మాటను మన సంఘం జెండాలాగా ఎత్తిపట్టింది. ఆ జెండా పోలీసు తూటా వరకే పోయి, మూసిన తలుపు ముందు ఆగిపోరాదు.

కాలం మిగలలేదు. మల్లు స్వరాజ్యం 2022లో వెళ్ళిపోయారు. ఆ తరం దాదాపు ముగిసింది. వాళ్ళ కొడుకులూ కోడళ్ళూ మనుమలూ వున్నారు. పెరట్లో ఏ కొట్టంలో ఆ ముసలమ్మ వుండేదో, ఎవరింట అన్నానికి కూర్చునేదో, ఏ చీటీ కోసం ఏ ఆఫీసు మెట్లెక్కేదో వాళ్ళకు ఇంకా జ్ఞాపకం. జాలి కథలు వద్దు, విగ్రహాల కథలూ వద్దు. యువ రచయితలు పలకా బలపంతో పోయినట్టు పోయి, విని, ఆమె ఎవరి ఇంట్లో చనిపోయిందో అక్కడి నుంచి కథ మొదలుపెట్టాలి. సాహిత్య విద్యార్థులు ఏ పోరాట నవలనైనా చదివేటప్పుడు పిల్లలడిగే ప్రశ్ననే అడగాలి: ఈ మనిషి బతికివుంటే, ఏ గడప తొక్కేవాడు?