చెయ్యిని ఆపే అట్ట

1950లలో జాజ్ వాద్యకారుడికి మొదట ప్రచారం చేసిపెట్టేది రికార్డు అట్టే. దుకాణంలో ఎల్‌పీలు ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోయేవాడి చెయ్యి ఒకచోట ఆగాలి. అలా ఆపడంలో న్యూయార్క్‌లోని బ్లూ నోట్ కంపెనీని మించినవాళ్లు నాకు కనబడలేదు.

ఆల్ఫ్రెడ్ లయన్ 1939లో ప్రారంభించిన చిన్న కంపెనీ అది. బెర్లిన్ నుంచి వచ్చి చేరిన స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ రికార్డింగ్ జరుగుతుండగానే ఫోటోలు తీసేవాడు. 1956 నుంచి 1967 దాకా అట్టలు రూపొందించినవాడు రీడ్ మైల్స్. ఐదు వందలకు దగ్గరగా చేశాడు. ఆయనకు జాజ్ మీద మోజు లేదు. ఆ సంగీతం ఎలాంటిదో లయన్ చెబితే విని, పనిలో దిగేవాడు.

చేతిలో ఉన్నవి నలుపు తెలుపు ఫోటో, చాలాసార్లు దానికి తోడు ఒకే ఒక్క రంగు, మిగిలినవి అక్షరాలు. ఆ కొంచెంతోనే ఎంత చేశాడో చూడండి. జాన్ కోల్ట్రేన్ 'బ్లూ ట్రెయిన్' మీద ఆలోచనలో మునిగిన మనిషి, అట్టంతా నీలం. ఫ్రెడ్డీ హబ్బర్డ్ 'హబ్ టోన్స్' మీద నిలువు నల్ల పట్టీల వరస. వాటిలో ఒక్కటి కిందికి జారి ఉంటుంది. మీట నొక్కారని కన్ను గ్రహిస్తుంది. ట్రంపెట్ ఊదుతున్న బొమ్మను పేజీ నిండా వేసినా ఇంత చలనం వచ్చేది కాదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఎరిక్ డాల్ఫీ 1964 రికార్డు 'అవుట్ టు లంచ్'. దుకాణం తలుపుకు తగిలించే 'తిరిగి వస్తాను' బోర్డు, దాని మీద గడియారం. దానికి ఏడు ముళ్లు! ఎప్పుడొస్తాడో తేలదు. డాల్ఫీ సంగీతంలో తాళం ఎటు మళ్లుతుందో వినేవాడికి అంత సులువుగా అందదు. అది వినని వాడికి కూడా ముందే చెప్పేసింది ఆ బొమ్మ. వాద్యకారుణ్ణి తేలిక చేసి అమ్మలేదు. ఇతను కష్టమైనవాడే, రండి, అంది. ప్రచారంలో ఇంతటి నిజాయితీ అరుదు.

ఇంకో పనితనం చిన్న అక్షరాల్లో ఉంది. చాలా అట్టల ముందువైపునే పక్కవాద్యకారుల పేర్లూ వేసేవారు. 1958లో సోనీ క్లార్క్ 'కూల్ స్ట్రటిన్' అట్ట మీద జాకీ మెక్‌లీన్ పేరు అలా చిన్నగా ఉంది. మరుసటి ఏడాదే అతను బ్లూ నోట్‌కు సొంత పేరుతో రికార్డు చేశాడు. తర్వాత అతని 'ఇట్స్ టైమ్' వచ్చినప్పుడు రీడ్ మైల్స్ అట్ట నిండా ఆశ్చర్యార్థకాలు పరిచాడు.