కల్పిత పాత్రల పూర్వచరిత్ర – పాఠకుని అభియోగము

ఒక కల్పిత పాత్రకు నిన్న జరిగినదానిని నేడు జరుగలేదని చెప్పు అధికారము ఎవరికి గలదు? ఈ ప్రశ్న అమెరికా దేశపు సూపర్ హీరో కామిక్సుల పాఠకులను అనేక దశాబ్దములుగా వేధించుచున్నది. 1938లో సూపర్‌మాన్ అవతరించినది మొదలు ఆ వీరుల కథలు నేటికిని సంచిక వెంట సంచికగా వెలువడుచునే యున్నవి. వారిని సృజించినవారు పలువురు గతించిరి. వ్రాయు చేతులు మారినవి. కథ మాత్రము ముగియలేదు. అట్టి కథలోనికి క్రొత్తగా వచ్చిన రచయిత పాత్రయొక్క పూర్వవృత్తాంతమును తిరుగ వ్రాసి, మీరు ఇదివరకు చదివినది యథార్థము కాదనును. ఈ ప్రక్రియకు అచ్చట ‘రెట్‌కాన్’ అని పేరు. దీనిపై పాఠకుడు కోపించును. ఆ కోపమును బాల్యచాపల్యమని త్రోసివేయుట సులభము. కాని దానిలో సాహిత్య విమర్శ పట్టించుకొనదగిన న్యాయమైన వాదము ఇమిడియున్నది.

పూర్వకథను మార్చుట మనకు క్రొత్త కాదు. మహాభారతములోని దుష్యంతుడు శకుంతలను ఎరిగియుండియు ఎరుగనని పలికెను. కాళిదాసు దుర్వాసుని శాపమును, ఉంగరమును కల్పించి ఆ రాజును అపవాదమునుండి తప్పించెను. వాల్మీకి రామాయణపు ఉత్తరకాండలో సీత భూమిలో ప్రవేశించును. భవభూతి ఉత్తరరామచరితములో సీతారాములు తిరిగి కలిసికొందురు. హిందీలో మైథిలీశరణ్ గుప్త తన ‘సాకేత్’ కావ్యమున, పూర్వకవులు ఒక మూల నుంచిన ఊర్మిళను నడుమకు తెచ్చి నిలిపెను. ఈ మూడు మార్పులను సహృదయులు ఆదరించిరి. మరి అమెరికా పాఠకునికి కోపమేల?

దీనికి సమాధానము మన అలంకార శాస్త్రములోనే లభించును. ఇతివృత్తములో రసమునకు ప్రతికూలమైనది కనబడినచో కవి దానిని విడిచి, రసోచితమైన క్రొత్త కథను కల్పించుకొనవచ్చునని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకములో అనుమతించెను. కాని అచ్చటనే ఒక హద్దును గూడ నిర్ణయించెను: రామాయణాదులవలె రససిద్ధి పొంది ప్రఖ్యాతములైన కథలలో, ఆ రసమునకు విరుద్ధమగు స్వేచ్ఛాకల్పనమును చేర్పరాదు. కనుక విచారింపవలసినది మార్పు జరిగినదా లేదా అనునది కాదు. ఆ మార్పు పాత్రయొక్క జీవరసమును పోషించినదా, హరించినదా యనునదే.

ఈ గీటురాతిపై కాప్టెన్ అమెరికా చరిత్రను పరీక్షింతము. ఈ వీరుని జో సైమన్, జాక్ కిర్బీ అను ఇరువురు యూదు యువకులు సృజించిరి. 1941 మార్చి తేదీ గల మొదటి సంచిక ముఖచిత్రముపై అతడు హిట్లరును పిడికిట గ్రుద్దుచుండును. అమెరికా అప్పటి కింకను యుద్ధములో దిగలేదు. 1964లో స్టాన్ లీ, కిర్బీలు అతనిని తిరిగి తెచ్చుచు, యుద్ధాంతమున సముద్రములో పడి ఇంతకాలము మంచులో గడ్డకట్టి యుండెనని చెప్పిరి. అట్లయినచో 1954 నాటి సంచికలలో కమ్యూనిస్టులతో పోరాడిన కాప్టెన్ అమెరికా ఎవరు? 1972లో స్టీవ్ ఇంగిల్‌హార్ట్ దీనికి సమాధానము వ్రాసెను: అతడు వేరొకడు, వీరునిపై గల మోహముచే ఆ వేషము ధరించి, ఔషధము వికటించి, కనబడినవారినెల్ల దేశద్రోహులుగా భ్రమించిన ఉన్మత్తుడు. మొదటి మార్పు వీరునికి తన కాలమును, తన మిత్రులను కోల్పోయినవాని శోకము నిచ్చెను. రెండవది దేశభక్తి ఎచ్చట ఉన్మాదముగా మారునో చూపెను. ఈ రెండును పూర్వకథకు విరుద్ధములే. కాని రసమునకు విరుద్ధములు కావు.

2016లో ఆ వీరుడే బాల్యమునుండి హైడ్రా అను దుష్టసంస్థకు లోబడినవాడని కథ మారెను. కథలలో నాజీలతో చేతులు కలిపిన సంస్థ అది. వాస్తవమును మార్చగల మాయాశక్తివలన ఇట్లు జరిగినదని రచయితలు కారణము చెప్పిరి. 2017లో నిజమైన వీరుడు తిరిగి వచ్చెను. కాని కథలో కారణము చెప్పినంతమాత్రమున ఔచిత్యము సిద్ధింపదు. హిట్లరును గ్రుద్దుటకే పుట్టిన పాత్ర చేత ఆ పక్షమునకు జయము పలికించుట, దాని పుట్టుకనే పరిహసించుట.

గ్వెన్ స్టేసీ వృత్తాంతము మరింత శోచనీయము. స్పైడర్‌మాన్ ప్రేమించిన ఈ యువతిని 1973లో నార్మన్ ఆస్‌బోర్న్ అను శత్రువు వంతెనపైనుండి పడద్రోసి మరణమునకు కారకుడయ్యెను. ఆ తరము పాఠకులకు అది మరపురాని కరుణరస ఘట్టము. 2004లో వచ్చిన కథలో, ఆమె అంతకుముందే ఆ ఆస్‌బోర్న్‌వలన కవలలను కన్నదని చెప్పబడెను. ఈ మాట వినిన పిమ్మట 1973 నాటి పుటలను పాఠకుడు వెనుకటి హృదయముతో చదువలేడు. 2021లో మరియొక రచయిత ఆ కవలలు ఆమె బిడ్డలు కారని దిద్దెను. దిద్దవలసివచ్చుటయే మొదటి కల్పనకు తగిన విమర్శ.

డీసీ సంస్థ తన కథాలోకములలోని గజిబిజిని సరిచేయుటకై 1985–86లో పండ్రెండు సంచికల మహాకథను ప్రకటించెను. అందు 1959లో పుట్టిన సూపర్‌గర్ల్ లోకరక్షణకై ప్రాణము నర్పించెను. తరువాత లోకమే క్రొత్తగా నిర్మింపబడుటచే ఆమె ఎన్నడును లేనిదయ్యెను. మరణించిన వీరులకు స్మృతి మిగులును. ఈమెకు అదియు దక్కలేదు. కొన్ని యేండ్లకు ఆలన్ బ్రెన్నర్ట్ వ్రాసిన చిన్న క్రిస్మసు కథలో ఒక అజ్ఞాత యువతి కనబడి, గుర్తింపు కోరక మేలు చేయుటను గూర్చి హితవు చెప్పి, కారా యని తన పేరు మాత్రము తెలుపును. అది సూపర్‌గర్ల్ పేరు. పాఠకుల ఆవేదనను కోపము లేకుండ పలికించిన విమర్శగా నేను దానిని గౌరవింతును.

ప్రచురణకర్తల ఇబ్బందియు నిజమే. వీరుడు వృద్ధుడు కారాదు. క్రొత్త పాఠకుడు వేల సంచికలు చదివి రాలేడు. ఏదో యొక మార్పు అనివార్యము. అయితే ఇచ్చట ఒక భేదము గలదు. శాకుంతలము పుట్టినంత మాత్రమున వ్యాసభారతము రద్దుకాలేదు; రెండును ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. కామిక్సులలో పాత్ర ఒక సంస్థకు సొత్తు. 1938లో జెర్రీ సీగెల్, జో షస్టర్‌లు సూపర్‌మాన్‌పై తమ హక్కును 130 డాలర్లకు విక్రయించిరి. నాటినుండి కర్త మాటకంటె యజమాని మాట మిన్నయైనది. వెనుకటి మాటకంటె కడపటి మాటయే ప్రమాణమైనది. వ్రాసినవానికే దక్కని హక్కు చదివినవానికెట్లు దక్కును?

అయినను పాఠకుడు కోరునది సొత్తు కాదు. తాను చదివినదానికి తాను సాక్షియని మాత్రమే అతడు చెప్పుచున్నాడు. అనువాదకులమైన మాకు ఈ వాదము సుబోధము. మేమును ఇతరుల కథను మా మాటలతో తిరుగ వ్రాయుదుము. కాని మా పాఠమును మూలము ప్రక్కన నిలుపుదుమే గాని, మూలమును తొలగించి దాని చోట నిలుపము. పాత వీరులను చేపట్టు క్రొత్త రచయితలు ఈ నియమమును పాటించినచో, పాఠకుడు ఎంతటి మార్పునైనను సహించును. అది రసోచితమైనచో మెచ్చుకొనును.