దివిటీ, పూలపొట్లం, జ్వాలాతోరణం

ఆశ్వయుజ అమావాస్యకీ కార్తీక పౌర్ణమికీ మధ్య ఉన్నది ఒక్క పక్షం. తెలుగునాట, ముఖ్యంగా కోస్తా జిల్లాల్లో, పిల్లలకు నిప్పుతో చేతిపరిచయం కలిగేది ఈ పక్షంలోనే. దీపావళి సాయంత్రం దివిటీలతో మొదలవుతుంది. నాలుగో నాడు నాగులచవితికి, దాచుకున్న మతాబులు బయటికి వస్తాయి. పదిహేనో రాత్రి శివాలయం ముందు గడ్డిమంట కింద నుంచి నడవడంతో ముగుస్తుంది. దసరాకి వరంగల్లు రంగలీలా మైదానంలో రావణుడి బొమ్మను తగలబెట్టే వేడుకా శరత్కాలానిదే కానీ, అది దూరంగా నిలబడి చూసేది. దివిటీ, పొట్లం, మతాబు అలా కాదు. వాటిని ఎవరి చేతులతో వారు తయారు చేసుకోవాలి, ఎవరి చేతులతో వారు వెలిగించుకోవాలి.

అన్నిటికంటే ముందు దివిటీ. నార తీసేసిన గోగుకాడలు తెల్లగా, తేలిగ్గా ఉంటాయి. గోగు దొరకని చోట ఆముదపు కొమ్మ, కొన్ని ఇళ్ళలో చెరకు ముక్క. పాత నూలుగుడ్డను చింపి ఒత్తులు పేని, నూనెలో నానబెట్టి, కాడ కొసకు కడతారు. అమావాస్య నాడు పొద్దు గుంకగానే పిల్లలు వీధి గుమ్మం ముందు నిలబడి, చేతికో దివిటీ పట్టుకొని, దిబ్బు దిబ్బు పాట పాడుతూ వాటిని నేలకు కొడతారు. తర్వాత కాడలను ఒక మూలకు విసిరి, వెనక్కి చూడకుండా లోపలికి వచ్చి, కాళ్ళు కడుక్కొని, మిఠాయి నోట్లో వేసుకుంటారు. టపాకాయల బుట్ట ముట్టుకోవడం ఆ తర్వాతే.

ఈ ఆచారాన్ని ధర్మశాస్త్రాలు ఉల్కాదానం అన్నాయి. మహాలయ పక్షంలో భూమికి వచ్చిన పితృదేవతలు తిరిగి వెళ్ళేటప్పుడు అమావాస్య చీకట్లో వారికి దారి చూపడం దీని ఉద్దేశమని చెబుతాయి. తాతముత్తాతలకు వెలుగు చూపే పని ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళకు అప్పగించడం మన పెద్దల పద్ధతి. ఇందులో కాస్త నేర్పు కూడా ఉంది. ఒత్తిని నూనెలోంచి తీసి గట్టిగా పిండాలి, లేకపోతే మండుతూ బొట్లు రాలుతుంది. కాడను నిటారుగా పట్టుకుంటే కాగిన నూనె చేతి మీదికి దిగుతుంది. బాగా కిందికి వంచితే మంట కాడను పట్టుకొని పైకి పాకుతుంది. చెయ్యి చాపి, కొస కొంచెం వాలేట్టు పట్టుకోవాలి. అయిదేళ్ళ పిల్లకు ఈ సంగతి మాటల్లో చెప్పి ఒప్పించలేరు. పక్కన నిలబడి మణికట్టు సరిచేస్తే ఒక్కసారికే వస్తుంది.

దివిటీ తర్వాత చెప్పుకోవలసింది పూలపొట్లం. దీన్నే ఉప్పుపొట్లం అనీ అంటారు. మందుగుండు ఏమీ లేని బాణసంచా ఇది. దీనికి కావలసిన బొగ్గు పోతుతాటి పూగుత్తుల నుంచి వస్తుంది. ఎండాకాలంలో చెట్టు కింద రాలిన వేళ్ళలాంటి పూకాడలను ఏరి, ఎండబెట్టి, అటక మీద పడేస్తారు. దీపావళి దగ్గర పడ్డాక చిన్న గొయ్యి తీసి, అందులో వాటిని అంటించి, బాగా రాజుకున్న తర్వాత మట్టి కప్పుతారు. గాలి ఆడితే బూడిదే మిగులుతుంది, అది దేనికీ పనికిరాదు. మట్టి కప్పి ఊపిరాడకుండా చేస్తేనే నల్లటి, తేలికైన బొగ్గు వస్తుంది. దాన్ని మెత్తగా నూరి, రాళ్ళుప్పు కచ్చాపచ్చాగా దంచి కలుపుతారు.

ఈ పొడిని పాత నూలుగుడ్డలో పోసి, మణికట్టంత లావున పొట్లం చుట్టి, దారంతో బిగించి కడతారు. నైలాన్ కలిసిన గుడ్డ పనికిరాదు, అది కరిగి కారుతుంది. తాటిమట్టను నిలువునా చీల్చి, ఆ బద్దల మధ్య పొట్లాన్ని ఇరికించి, రెండు కొసలూ కట్టేసి, ఒక కొసకు బారెడు తాడు తగిలిస్తారు. పొట్లం మీద ఒక పిడక నిప్పు పెట్టి నెమ్మదిగా ఊదితే గుడ్డ అంచు ఎర్రబడుతుంది. అప్పుడు ఖాళీ జాగా చూసుకొని తాడు పట్టుకొని తిప్పడం మొదలుపెట్టాలి. మొదటి రెండు చుట్లకీ పొగ తప్ప ఏమీ కనపడదు. ఊపు అందుకున్నాక కాలిన గుడ్డ చిల్లుల్లోంచి బొగ్గుపొడి జారి, గాలి తగిలి రగిలి, తిప్పేవాడి చుట్టూ బంగారు రంగు రవ్వల వలయం ఏర్పడుతుంది. ఉప్పు చిటపటమంటుంది. రాళ్ళుప్పు పలుకుల్లో చిక్కుకున్న తేమ వేడికి ఆవిరై పలుకును పగలగొట్టడమే ఆ శబ్దానికి కారణం. ఆ పగుళ్ళే రవ్వలను ఇంకొంచెం దూరం విసురుతాయి. ఇదే వేడుకను తమిళులు కార్తిగై దీపానికి చేస్తారు, వాళ్ళు మావళి అంటారు.

పూలపొట్లంలో మెచ్చుకోవలసిన గుణం ఒకటుంది. తిప్పడం ఆపితే అది ఆరిపోతుంది. బొగ్గుకు కావలసిన ప్రాణవాయువు అంతా బయటి గాలిలోంచే రావాలి, ఆ గాలి తిప్పేవాడి చేతి ఊపులోంచి రావాలి. మందుగుండుకు ఆ అవసరం లేదు. దానిలోని సూరేకారం, అంటే పల్లెల్లో పెట్లుప్పు అనేది, ప్రాణవాయువును తనలోనే మోసుకొస్తుంది. బొగ్గు ఇంధనం, గంధకం త్వరగా అంటుకునేట్టు చేసే సాయం. ఒకసారి అంటుకున్నాక దానికి గాలితో పని లేదు కనుక మనిషి మాట వినదు. రెండింటికీ తేడా అంతా ఇక్కడే ఉంది.

అయినా ఒక తరం క్రితం దాకా కోస్తా ఊళ్ళలో మందుగుండు కూడా ఇళ్ళలోనే తయారయ్యేది. దసరా సెలవుల్లో అరుగుల మీద పిల్లలకు అప్పగించిన పని మతాబు గొట్టాలు చుట్టడం. పాత వార్తాపత్రికలను కర్రకు చుట్టి, ఉడికించిన మైదాపిండితో అంటించి, కర్ర లాగేసి, చేటల్లో ఎండబెట్టేవారు. గొట్టం అడుగున బెత్తెడు మేర ఇసుకో బూడిదో పోస్తారు. చేత్తో పట్టుకునే భాగం అదే, మంట అక్కడికి రాగానే ఆగిపోతుంది. పైన మందు కూరి మూతి మడుస్తారు. జిల్లేడు బొగ్గు తేలికైనదనీ తొందరగా అంటుకుంటుందనీ దానికి గిరాకీ ఎక్కువ.

మతాబుకూ చిచ్చుబుడ్డికీ పూలు పూయించేది బీడు, అంటే పోత ఇనుము రజను. మామూలు ఇనుప రజను కంటే బీడునే పెద్దలు ఎందుకు కోరేవారన్నదానికి మంచి కారణమే ఉంది. ఇనుములో కర్బనం ఎక్కువైన కొద్దీ, మండుతున్న రవ్వ గాలిలో కొమ్మలు కొమ్మలుగా చీలుతుంది. పోత ఇనుములో కర్బనం పుష్కలం. ఆ రజనుకు ముందుగా ఆముదం పట్టిస్తారు, లేకపోతే తేమ తగిలి తుప్పు పడుతుంది. తుప్పుపట్టిన ఇనుము అప్పటికే సగం కాలినట్టు లెక్క, ఇక వెలుగేముంటుంది? రసాయనశాస్త్రం చదవని వాళ్ళు ఈ సంగతులు చూసి చూసి పట్టుకున్నారు.

చిచ్చుబుడ్డి మట్టిబుడ్డి కుమ్మరి దగ్గర నుంచి వచ్చేది. అడుగు వైపు నుంచి మందు దట్టించి, బంకమట్టితో మూసి ఎండబెట్టేవారు. దట్టించడంలోనే పనితనం. మందు వదులుగా ఉంటే మంట పలుకుల సందుల్లోంచి ఒక్కసారిగా లోపలికి దూరి బుడ్డి పేలిపోతుంది. గట్టిగా ఉంటే పొర తర్వాత పొర అంటుకొని ధార నిలకడగా లేస్తుంది. సిసింద్రీ పొట్టి కాగితపు గొట్టం, తోక లేదు కనుక ఎటు పోతుందో దానికే తెలియదు, దాన్ని చూసి పెద్దలు కూడా అరుగెక్కేవారు. అదే గొట్టానికి పుల్లో ఈనో తోకగా కడితే దారి కుదిరి తారాజువ్వ అవుతుంది. తారాజువ్వలకు కృష్ణా జిల్లా దివిసీమ పెట్టింది పేరు. ఆ పక్కనే చల్లపల్లి దగ్గరి నడకుదురును నరకాసురుడు చచ్చిన చోటుగా స్థానికులు చెప్పుకుంటారు కాబట్టి అక్కడి దీపావళి పట్టుదల వేరు.

ఈ విద్య నిన్నమొన్నటిది కాదు. 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, మహానవమి ఉత్సవాల వర్ణనలో బాణసంచా వేడుకలను ప్రస్తావించాడు. కోస్తాంధ్రలో చాలా భాగాన్ని కొంతకాలం ఏలిన ప్రతాపరుద్ర గజపతి పేరున ఉన్న కౌతుకచింతామణి అనే సంస్కృత గ్రంథంలో చంద్రజ్యోతి, పుష్పవర్తి వంటి బాణాల తయారీ విధానాలున్నాయి. పదహారో శతాబ్దం మొదటి భాగపు రాజు ఆయన. అప్పటికే ఆ జాబితాలో ఉన్న సరుకులు ఇరవయ్యో శతాబ్దపు అరుగు మీద ఉన్నవాటికి పెద్ద దూరం కావు.

అరుగుల మీది మందుకు నియమాలు గట్టివి. మూడు సరుకులనూ కలిపి నూరకూడదు, ఒక్కొక్కటీ విడిగా నూరి, చివరికి కాగితం మీద చేత్తో కలపాలి. పొయ్యి ఉన్న గదిలో ముట్టుకోకూడదు. పిల్లలకు గొట్టాలు చుట్టడం వరకే. ఈ నియమాలు ఊరికే పుట్టలేదు. వీటిని తప్పినందుకు కాలిన చేతులు, పోయిన కళ్ళు ఊరూరా ఉండేవి. ఆ భాగాన్ని వదిలేసి ఇంటి మతాబుల అందం గురించి మాత్రమే చెప్పడం సరికాదు.

దీపావళి వెళ్ళిన మర్నాటి నుంచి నిప్పు తీరు మారుతుంది. కార్తీకం మొదలవుతుంది. శివాలయాల్లో చిల్లులున్న చిన్న లోహపు పాత్రలో దీపం పెట్టి, తాడుతో ధ్వజస్తంభం పైకి లాగి ఆకాశదీపం వెలిగిస్తారు. చిల్లులు ఊరికే పెట్టినవి కావు, దీపానికి గాలి అందాలి, అదే గాలి దాన్ని ఆర్పకూడదు. ఆ తాడు లాగడానికి పిల్లలు వంతులు వేసుకుంటారు.

పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తికా నక్షత్రం దగ్గర ఉంటాడు. ఆ రాత్రి జ్వాలాతోరణం. గుడి ముందు రెండు నిలువు గుంజలు పాతి, పైన అడ్డంగా మరో కర్ర కట్టి, దానికి వరిగడ్డిని దట్టంగా చుడతారు. ఆవునేయి చిలకరించి అంటిస్తారు. శివపార్వతుల పల్లకిని మండే తోరణం కింద నుంచి మూడుసార్లు తిప్పుతారు. వెనకే ఊరు ఊరంతా. హాలాహలం మింగిన భర్త క్షేమంగా బయటపడితే మంట కింద నుంచి వస్తానని పార్వతి మొక్కుకుందని ఒక కథ. యమలోకంలో పాపులు దాటవలసిన అగ్నిద్వారం ఇలాంటిదేననీ, ఇక్కడ ఒకసారి దాటినవారికి అక్కడ దాటే పని లేదనీ ఇంకో నమ్మకం. కథ ఏదైనా మోసేవాళ్ళకు మాత్రం లెక్క కావాలి. గడ్డి భగ్గున లేచి తొందరగా కూలుతుంది. మూడో చుట్టుకు తోరణం నిలవాలంటే గడ్డిని వదులుగా కాకుండా మెలితిప్పి, పచ్చి తాళ్ళతో బిగించి కట్టాలి. కాలగా మిగిలిన గడ్డిపరకలను ఇంటికి తెచ్చి ధాన్యపు గాదెలోనో పశువుల కొట్టంలోనో పెట్టుకుంటారు. గడ్డీ గింజా పశువూ ఉన్న ఊరి పండుగ అది.

వీటిలో ముందుగా వెనకబడింది ఇంటి మందుగుండు. తమిళనాడులోని శివకాశి నుంచి 1923లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల పని నేర్చుకొని వచ్చారు. వానలు తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న ఆ మెట్ట ప్రాంతం మందు ఆరడానికి అనువైనది. అక్కడ అగ్గిపెట్టెల వెనకే బాణసంచా పరిశ్రమ పెరిగింది. రంగుకాగితం చుట్టిన కాకరపువ్వొత్తులూ భూచక్రాలూ అంగట్లో చవకగా దొరికాక ఎవరూ బీడుకు ఆముదం పట్టించలేదు. చట్టం ఎలాగూ ఒప్పుకోదు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద లైసెన్సు లేకుండా బాణసంచా తయారుచేయడం నేరం. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దీపావళి రాత్రి 8 నుంచి 10 గంటల మధ్య మాత్రమే కాల్చాలని, బేరియం లవణాలు వాడకూడదని తీర్పు ఇచ్చింది. ఆకుపచ్చ వెలుగు కోసం వాడే బేరియం విషపూరితం కనుక ఆ మాట సబబే.

అయితే అంగడి సరుకు వచ్చాక పిల్లల పాత్ర కూడా మారిపోయింది. చుట్టడం, ఎండబెట్టడం, పిండడం, తిప్పడం పోయి, వత్తికి అగ్గిపుల్ల తాకించి పరుగెత్తడం మిగిలింది. నెల రోజుల పండుగ రెండు గంటలకు వచ్చింది. ఇంటి మందుగుండును తిరిగి తెచ్చుకోవలసిన పని లేదు. అది పోవడమే మంచిది. కానీ దివిటీనీ పూలపొట్లాన్నీ దానితో కలిపి పారేయడం పొరపాటు. ఏ చట్టానికీ అడ్డం రావు, గంధకపు పొగ లేదు, వెయ్యి రూపాయల డబ్బాలు కొననక్కర్లేదు. పక్కన పెద్దవాళ్ళు ఒకరు, ఒక బకెట్ నీళ్ళు, తగినంత ఖాళీ జాగా, ఒంటిమీద నూలుబట్టలు ఉంటే చాలు. అపార్టుమెంటు బాల్కనీ మాత్రం దీనికి చోటు కాదు.

పొట్లం కట్టడం తెలిసిన తాతలూ మేనమామలూ ఇంకా ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళ దగ్గర నేర్చుకోదలచినవారు దీపావళి వారంలో వెళితే లాభం లేదు. పోతుతాటి పూగుత్తులు రాలేది ఎండాకాలంలో, ఏరుకోవలసిందీ అప్పుడే.