కోలారు బంగారు గనులు - పర్యావరణ సమాజశాస్త్రం: ఒక పరిశీలన

సమాజానికీ ప్రకృతికీ గల సంబంధాన్ని చర్చించిన భారతీయ గ్రంథాలలో మాధవ్ గాడ్గిల్, రామచంద్ర గుహల 'ఎకాలజీ అండ్ ఈక్విటీ' (1995) ముఖ్యమైనది. ఈ గ్రంథం దేశప్రజలను మూడు వర్గాలుగా చూస్తుంది. చుట్టూ ఉన్న నేల, నీరు, అడవి మీద నేరుగా ఆధారపడి బతికేవారు మొదటి వర్గం. ఎక్కడి వనరులనైనా తమ దగ్గరికి రప్పించుకోగల 'సర్వభక్షకులు' రెండవ వర్గం. వనరులు కోల్పోయి ఊరు విడిచిన 'పర్యావరణ శరణార్థులు' మూడవ వర్గం. ఈ విభజన కోలారు గనులకు ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించవలసి ఉంది.

1880ల నుంచి ఇక్కడ గనులు నడిపిన జాన్ టేలర్ సంస్థ బంగారాన్ని ఇంగ్లండుకు తరలించింది. గనులకు కావలసిన విద్యుత్తు 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి వచ్చింది. బెంగుళూరుకు అది 1905లో గాని అందలేదు. నీరు పాలారు మీది బేతమంగలం నుంచి, శ్రమ ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల మెట్టపల్లెల నుంచి వచ్చాయి. సర్వభక్షక లక్షణానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

చిక్కు కార్మికుని దగ్గర వస్తుంది. అతడు పల్లె విడిచి వచ్చినవాడే. కాని ప్రకృతిని తవ్వి తీసిన చేతులూ అతనివే. చాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్లకు మించిన లోతున వేడి, ఒత్తిడికి ఒక్కసారిగా పగిలే రాయి, ఊపిరితిత్తుల్లో చేరే రాతిధూళి - ఇదే అతనికి తెలిసిన ప్రకృతి. అడవినీ నదినీ దృష్టిలో పెట్టుకొని చేసిన విభజనలో ఈ పాతాళానికి చోటు చాలలేదు.

2001లో భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. బంగారం తీసిన రాతిపిండి సైనైడు దిబ్బలుగా మిగిలింది. గాలి వీచినప్పుడు అది ఇళ్లమీద పడుతుంది. వేలమంది పొద్దున్నే రైలెక్కి బెంగుళూరు పనులకు వెళ్లవలసి వచ్చింది. ఊరు విడవకుండానే శరణార్థులైన వీరిని ఏ వర్గంలో చేర్చాలి? 2018 నుంచి బెంగుళూరు మురుగునీరు శుద్ధిచేయబడి కోలారు జిల్లా చెరువులకు చేరుతున్నది. ఎండిన చెరువుకు అది ఊరటే. అయినా పనివారు అటు, వాడిన నీరు ఇటు అనే ఈ లెక్కను విమర్శకుడు విస్మరించరాదు.

కనుక ఆ మూడు వర్గాలను మూడు జాతులుగా గాక, ఒకే కుటుంబం మూడు తరాలలో దాటిన దశలుగా చదవడం సమంజసం. ఇంట తెలుగు, బడిలో కన్నడం, గనిలో తమిళం విన్న కోలారు విద్యార్థులు తమ పెద్దలను అడిగి చూస్తే ఈ మాట నిజమో కాదో వారే తేల్చగలరు.