సూదిబెజ్జం ముందు ట్రైలర్

అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో, బ్లాక్ హిల్స్ కొండల నడుమ ఒక సొరంగం ఉంది. పేరు నీడిల్స్ ఐ, అంటే సూదిబెజ్జం. మంచుకూ గాలికీ అరిగి సూదిబెజ్జంలా చీలిన రాతి శిఖరం పక్కనే ఉంది. దాని పేరే సొరంగానికీ వచ్చింది. గ్రానైట్ కొండను తొలిచిన ఈ దారి వెడల్పు 8 అడుగులు, ఎత్తు 9 అడుగుల 9 అంగుళాలు. ట్రక్కు వెనక తగిలించుకుని వెళ్ళే ట్రావెల్ ట్రైలర్లలో పెద్దవాటి వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు. పైకప్పు మీది ఏసీతో కలిపి కొలిస్తే ఎత్తు 10 అడుగులు దాటుతుంది.

ట్రైలర్‌తో కొండదారుల అందం చూడబోయేవారు ముందుగా ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

బ్లాక్ హిల్స్‌లోని రోడ్లను అంత ఇరుకుగా, అన్ని మెలికలతో వేయడం వెనక ఒక మనిషి పట్టుదల ఉంది. పీటర్ నార్బెక్ 1917 నుంచి 1921 దాకా సౌత్ డకోటా గవర్నరు, ఆ తర్వాత 1936లో చనిపోయేదాకా సెనేటరు. ఈ సొరంగం ఉన్న నీడిల్స్ హైవే ఎటు పోవాలో ఆయనే కొండల్లో నడిచి, గుర్రమెక్కి తిరిగి నిర్ణయించాడు. 14 మైళ్ళ ఆ రోడ్డు 1922లో పూర్తయింది. దగ్గర్లోనే ఉన్న ఐరన్ మౌంటెన్ రోడ్డులో 17 మైళ్ళకు 314 మలుపులు. అక్కడి సొరంగాల్లోంచి చూస్తే రష్‌మోర్ కొండ మీద చెక్కిన అధ్యక్షుల ముఖాలు చట్రం కట్టిన పటంలా కనిపిస్తాయి. చెక్క వంతెనలెక్కిన రోడ్డు చుట్ట తిరిగి, తన మీదుగా తానే పోతుంది. నెమ్మదిగా వెళ్ళేవాళ్ళ కోసం వేసిన రోడ్లివి.

కాబట్టి ప్రయాణపు ఏర్పాట్లు ఇంటి ముందు, చేతిలో టేపుతో మొదలవ్వాలి. కంపెనీ పుస్తకంలోని కొలతలు చాలవు. కప్పు మీది ఏసీనీ, వెనక తగిలించిన సైకిళ్ళ స్టాండునూ కలిపి కొలవాలి. ట్రైలర్‌ను ట్రక్కుకు కలిపే హిచ్ తగిలించాక ట్రక్కు ముందు బంపర్ నుంచి ట్రైలర్ చివరిదాకా పొడవు చూసుకోవాలి. సొరంగం ఎత్తునూ వెడల్పునూ అడుగుతుంది, మలుపు పొడవును అడుగుతుంది.

తర్వాతి లెక్క బరువు. ఖాళీ ట్రైలర్‌ను తూచి లాభం లేదు. నీళ్ళు, గ్యాస్ సిలిండర్లు, బియ్యం సంచీ, పిల్లల సామాను అన్నీ ఎక్కించాక, హైవే పక్కన లారీలు ఆగేచోట ఉండే వేబ్రిడ్జి మీద తూచుకోవాలి. 40 గ్యాలన్ల ట్యాంకు నిండా నీళ్ళు పడితేనే 150 కిలోలు పెరుగుతుంది. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడేలా సర్దాలి. ఎడ్లబండి తోలిన రైతుకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. బస్తాలన్నీ ముందుకు వేస్తే భారం ఎడ్ల మెడల మీద పడుతుంది, వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుంది. ట్రైలర్ వెనకభాగం బరువెక్కితే హైవే వేగంలో అది అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఊపు ముదిరితే ముందున్న ట్రక్కు కూడా అదుపు తప్పుతుంది.

ఇక దారి. ఫోన్‌లోని మామూలు మ్యాప్ కారు కోసం దారి వెతుకుతుంది. వెనకున్న ట్రైలర్ ఎత్తు దానికి తెలియదు. పార్కుల, రాష్ట్ర రహదారుల శాఖల సమాచారం చదివి, ఒక్కో సొరంగాన్నీ, ఒక్కో వాలునూ కాగితం మీద రాసుకోవాలి. ఉదాహరణకు మోంటానాలోని గ్లేసియర్ పార్కులో, గోయింగ్ టు ద సన్ రోడ్డు ఎత్తైన భాగంలోకి 21 అడుగుల పొడవు మించితే రానివ్వరు. ట్రక్కూ ట్రైలరూ కలిపే ఆ 21 అడుగులు. యూటాలోని మోకీ డగ్‌వే కొండ అంచున దిగే కంకర రోడ్డు. అక్కడ పొరపాటున ట్రైలర్‌తో దిగితే వెనక్కి తిప్పే చోటు దొరకదు.

లోయలోకి దిగేటప్పుడు బ్రేకును తొక్కిపట్టి ఉంచితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. వాలు మొదలవకముందే చిన్న గేరుకు మారాలి. మారేడుమిల్లి ఘాట్‌లో అనుభవమున్న లారీ డ్రైవర్లు చేసేదీ ఇదే.

మరి సూదిబెజ్జం చూడకుండానే తిరిగి రావాలా? అక్కర్లేదు. ఆ సొరంగం ఉన్న 71 వేల ఎకరాల కస్టర్ స్టేట్ పార్కులో క్యాంపు వేసుకుని, ట్రైలర్‌ను అక్కడే విప్పేసి, ఒట్టి ట్రక్కుతో వెళ్ళడమే సరైన పద్ధతి. సొరంగం ముందు పక్క అద్దాలు మడిచి మెల్లగా దూరాలి. వెనక జంట చక్రాలున్న వెడల్పాటి ట్రక్కయితే ఆ ఆశా వదులుకోవాలి. అలాంటివారికి 18 మైళ్ళ వైల్డ్‌లైఫ్ లూప్ రోడ్డు ఉంది. ఇరుకు సొరంగాల బెడద లేదు, అమెరికా అడవిదున్నలైన బైసన్ల మందలు రోడ్డుకు అడ్డంగా వచ్చి నిలబడతాయి.

కాలం కూడా చూసుకోవాలి. చలికాలంలో నీడిల్స్ హైవేను మూసేస్తారు. ఆగస్టులో దగ్గరి స్టర్గిస్ పట్టణంలో, 1938లో మొదలైన మోటారు సైకిళ్ళ జాతర జరుగుతుంది. ఆ రోజుల్లో చుట్టుపక్కల క్యాంపుల్లో చోటు దొరకడం కష్టం. సెప్టెంబరు చివర్లో కస్టర్ పార్కులో బైసన్ల మందను గుర్రాల మీద తోలుకొచ్చే వేడుక చూడాలంటే చాలా ముందుగా చోటు ఖాయం చేసుకోవాలి.

అమెరికాలో ఉంటూ వేసవి సెలవులకు ట్రైలర్ అద్దెకు తీసుకునే తెలుగు కుటుంబాలకు ఒక మనవి. అద్దె బండి కొలతలు మీకు అలవాటైనవి కావు. తాళాలు చేతికి రాగానే మీరే కొలవండి. ఎత్తు, వెడల్పు, మొత్తం పొడవు పెద్ద అంకెలతో రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. మలుపు తిరగగానే సొరంగం బోర్డు ఎదురైతే, వెనక నాలుగు కార్లు ఆగి ఉంటే, ఆ కాగితం చూసి నిర్ణయించుకోవడానికి మీకుండేది కొన్ని క్షణాలే.