కుంకుడుకాయల డబ్బా

మే నెల పద్నాలుగో తారీఖున, బెజవాడ ఎండ నడినెత్తిన ఉన్న వేళ మా బోరు మోటారు ఆగిపోయింది. స్విచ్ వేస్తే స్టార్టరు డబ్బాలో టక్కుమని ఒక చప్పుడు, వెంటనే ట్రిప్పు. పైన ట్యాంకులో బకెట్టు నీళ్లు లేవు. మెకానిక్కు వచ్చి చూసి, "కాలిపోయిందమ్మా. కొత్తది వేసేద్దాం. మోటారు, కేబులు, కూలీ అన్నీ కలిపి 22,000. డబ్బు గురించి ఆలోచించకండి, షాపులో వాయిదాల మీద ఇప్పిస్తా. ఇప్పుడు ఊ అంటే సాయంత్రానికి నీళ్లు" అన్నాడు. నెల మధ్యలో 22,000 మా ఇంట్లో ఎందుకుంటాయి?

"రేపు చెబుతాను బాబూ" అన్నాను.

ఆ మాట అనగలగడానికి నా దగ్గర 6,000 ఉన్నాయి. ఇరవై రెండు వేల ఖర్చుకి ఆరు వేలు ఏ మూలకి అనిపిస్తుంది. కానీ ఆ ఆరు వేలు మోటారు కొనడానికి దాచినవి కావు. ఆ పూటకి 700 పెట్టి నీళ్ల ట్యాంకరు పోయించుకుని, రెండు రోజులు నింపాదిగా ఆలోచించుకోవడానికి దాచినవి. ఈ పద్ధతి మా అమ్మది. పేరు పెట్టి చెప్పమంటే "నిలదొక్కుకునే డబ్బు" అనేది.

మా నాన్న తెనాలిలో బట్టల కొట్టు గుమస్తా. 1988లో ఆయన జీతం 1,100 రూపాయలు. పోపుల డబ్బాలో చిల్లర ఉండేది, అది పాలకీ కూరకీ. అది పిల్లలందరికీ తెలుసు కాబట్టి దాచినట్టు కాదు. అసలు డబ్బు కుంకుడుకాయల డబ్బాలో ఉండేది. పాత డాల్డా డబ్బా, అంచు తుప్పు పట్టి మూత బిగుసుకుపోయి ఉండేది. ఆదివారం తలంటు వేళ తప్ప దాని జోలికి ఎవరూ పోరు, ఆ పూటా కాయలు తీసి కొట్టి నానేసేది అమ్మే. అడుగున, మందుల కొట్టు కాగితం సంచీలో మడిచి, 10 రూపాయల నోట్లు 30. ఆ నోట్లకి కుంకుడు వాసన పట్టేసింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తుమ్మొచ్చే ఘాటు. పది నోట్లలో కలిపేసినా అమ్మ డబ్బా నోటు ఏదో కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

ఆ ఏడు కార్తీకంలో ఒక రాత్రి తాతయ్య స్నానాల గదిలో జారిపడ్డాడు. తుంటి దగ్గర ముట్టుకోనివ్వలేదు. వీధిలో డాక్టరుగారు చూసి, వెంటనే గుంటూరు తీసుకెళ్లమన్నారు. నాన్న గుమ్మంలో నిలబడి ఎవర్ని అడగాలా అని ఆలోచిస్తూండగానే, వీధి చివర వడ్డీలకిచ్చే పెద్దమనిషి కబురు తెలిసి తానే వచ్చాడు. ఎంత కావాలన్నా ఇస్తానన్నాడు. మూడు రూపాయల వడ్డీ, ప్రోనోటు మీద సంతకం. నాన్న కలం కూడా తీసుకున్నాడు. అమ్మ లోపల్నుంచి వచ్చింది, చేతిలో ఆ కాగితం సంచీ.

"ఏమండీ, ముందు మీరు మామయ్యగారిని బండెక్కించండి. ఈ రాత్రికి సరిపడా నా దగ్గరుంది. కాగితాల సంగతి రేపు చూద్దాం."

టాక్సీకి 110. ఆస్పత్రిలో అడ్వాన్సు 100. ఎక్స్‌రే 40. మందులు 35. అమ్మ పద్దు పుస్తకంలో ఆ రోజు పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. మొత్తం 285, మిగిలినవి 15. ఆపరేషనుకి 4,000 కావాలని తెల్లారాక తెలిసింది. నాలుగో రోజున నాన్న అమ్మ గాజుల జత తీసుకుని బ్యాంకుకెళ్లాడు. అక్కడ గీటురాయి మీద గీసి, తూకం వేసి, రూపాయి పావలా వడ్డీకి 4,000 ఇచ్చారు.

మూడు రూపాయల వడ్డీకైతే నెలకు 120. బ్యాంకులో 50. ఆ 70 రూపాయల తేడాలో మా అక్కా నేనూ లెక్కల ట్యూషనుకి వెళ్లాం. ఇంకో సంగతి కూడా ఉంది. ప్రోనోటుకి మూడేళ్లలో కాలదోషం పడుతుంది కాబట్టి, గడువు దగ్గర పడగానే తిరగరాయమని వస్తారు. కట్టని వడ్డీ అసల్లో కలుస్తుంది, కొత్త కాగితం, మళ్లీ మూడేళ్లు. నాన్నతో కొట్లో పనిచేసిన వాళ్లలో ఒకరిద్దరు అలా తిరగరాస్తూ తిరగరాస్తూ ఇంటి పెరడు అమ్ముకున్నారు. వాళ్లది మరీ పెద్ద ఖర్చేం కాదు. మొదటి రాత్రి చేసిన సంతకం పెద్దది.

ముప్పై ఏళ్లుగా ఇల్లు నడుపుతూ నేను గమనించింది ఇదే. ఇరుకు జీతాల ఇళ్లలో అనుకోని ఖర్చు తెచ్చే నష్టంలో సగానికి పైగా తొందర వల్ల వస్తుంది. ఆ గంటలో ఎవరు ఎదురైతే వాళ్ల దగ్గర, ఏ ధరకిస్తే ఆ ధరకి డబ్బు తీసుకుంటాం. కూరగాయల బజారులో నేను రోజూ కొనే అమ్మాయి తోపుడుబండి చక్రం విరిగి, వందరోజుల ఫైనాన్సు తీసుకుంది. 10,000 అప్పు. ముందే 1,000 పట్టుకుని 9,000 చేతికిచ్చారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. "పదికి ఒకటేగా అమ్మా, పోనీలే" అంది. ఏడాది మీద పదికి ఒకటైతే పోనీలే అనొచ్చు. కానీ ఆమె మర్నాటి నుంచే తిరిగి కడుతోంది. యాభయ్యో రోజుకి ఆమె దగ్గర మిగిలిన వాళ్ల సొమ్ము సగం కూడా లేదు. అలా చూస్తే అది ఆరు రూపాయల పైచిలుకు వడ్డీ. కాగితం మీద వేసి చూపిస్తే ఆ అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చక్రానికి అయింది 2,600. ఆ పూట తొమ్మిది వేలూ ఎందుకు తీసుకున్నావంటే, అంతకు తక్కువ ఇవ్వం అన్నారట.

నేను మాత్రం ఎప్పుడూ అమ్మలాగే ఉన్నానని కాదు. మా అబ్బాయి ఇంజనీరింగు మూడో ఏడు ఫీజుకి ఆ రోజే ఆఖరు తేదీ అన్నారు. నా డబ్బా అప్పటికి ఖాళీ. అంతకు ముందు రెండు నెలలుగా ఖాళీయే, నింపలేదు. వీధిలో వేసిన లక్ష రూపాయల చీటీ, ఇరవై మంది, నెలకు 5,000. అప్పటికి మూడో నెల. పాటలో కూర్చుని 28,000 వదులుకుని 72,000 తెచ్చుకున్నాను. చీటీ నడిపే ఆవిడ కమీషను 5,000 పోగా తక్కిన 23,000 ఇరవై మందికీ పంచితే తలా 1,150 వచ్చింది. నా నష్టంలోంచి నాకూ 1,150 వచ్చింది. ఆ తర్వాత మా అబ్బాయి కాలేజీ ఆఫీసులో ఊరికే అడిగితే, దరఖాస్తు రాసిస్తే రెండు వాయిదాల్లో కట్టొచ్చని చెప్పారు. ముందురోజు అడిగి ఉంటే చీటీ పాడే పని లేదు. ఒక్క రోజు ఆగడానికి సరిపడా ధైర్యం లేక 28,000 పోయాయి. తర్వాత పదిహేడు నెలలు చీటీ కడుతున్నప్పుడల్లా అది గుర్తొచ్చేది.

అమ్మ ఒంటరిగా చేసింది, పదిమంది కలిసి చేస్తే ఎంత గట్టిగా ఉంటుందో డ్వాక్రా సంఘాల్లో చూశాను. 1992లో నెల్లూరు జిల్లాలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్లు, ఆ ఊపులోనే రోజుకో రూపాయి పొదుపు మొదలెట్టారు. నెలకు 30 రూపాయలతో ఏమవుతుందని అప్పట్లో మగవాళ్లు అనే ఉంటారు. మా ఇంట్లో పనిచేసే ఆమె సంఘంలో, మనవడికి డెంగీ వచ్చిన రోజున రాత్రి తొమ్మిదింటికి ముగ్గురు కూడి, పుస్తకంలో రాసుకుని, సంఘం పొదుపులోంచి 5,000 చేతిలో పెట్టారు. రూపాయి వడ్డీ. బ్యాంకు లింకేజీ పెద్ద అప్పుల గురించి అందరూ మాట్లాడతారు గానీ, నాకు ఆ రాత్రి 5,000 ఎక్కువగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఫోనులో అప్పు వీధి చివరి పెద్దమనిషి కంటే ముందే వచ్చి వాకిట్లో నిలబడుతోంది. వేలు ఆనిస్తే చాలు. ఇందులో ఒక్క సంగతి మాత్రం తప్పక తెలుసుకోవాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఇలా తీసుకున్న అప్పు వద్దనుకుంటే మొదటి కొద్ది గడువులోగా అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా బయటపడే వీలు ఇవ్వాలి. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత పడుతుందో ఒక కాగితంలో ముందే చూపించాలి. కంగారులో నొక్కేసిన వాళ్లు మర్నాడు పొద్దున్నే ఆ కాగితం తెరిచి, గడువు ఎన్ని రోజులో చూసుకోవాలి. "రేపు చూద్దాం" అన్న మా అమ్మ మాటకి చట్టంలో చోటు దొరికినట్టు నాకు సంతోషం వేసింది.

ఆగకూడని చోట్లు ఉన్నాయి. గుండె నొప్పి, పాము కాటు, పసిపిల్ల జ్వరం, వీటికి రేపు లేదు. వాటికోసం డబ్బాలో డబ్బుతో పాటు కాగితాలు పెడతాను. రేషను కార్డు, ఆధార్ జిరాక్సులు, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ) ఏయే దగ్గరి ఆస్పత్రుల్లో చెల్లుతుందో రాసిన చీటీ. ఆ ఆస్పత్రుల్లో ఈ పథకం తరఫు మనుషులు బల్ల దగ్గర కూర్చుంటారు, వెళ్లగానే వాళ్లని అడగాలి. చాలామంది దగ్గర కార్డు ఉంటుంది, కానీ ఆ రాత్రి ఎదురుగా కనిపించిన ఆస్పత్రిలో చేరిపోతారు. మూడో రోజు బిల్లు వచ్చాక కార్డు గుర్తొస్తుంది.

ఎంత దాచాలంటే, అమ్మ లెక్క జీతంలో పావు వంతు కంటే కొంచెం ఎక్కువ. నాకు అది కుదరడానికి నాలుగేళ్లు పట్టింది. 2,000 నోట్లుగా డబ్బాలో, 4,000 పోస్టాఫీసు పుస్తకంలో. ఫోను ఖాతాలో మాత్రం ఉంచను. అక్కడున్న డబ్బు టీ కొట్టు దగ్గర ఒకసారి, పిల్లల రీఛార్జికి ఒకసారి కరిగిపోతుంది. పోస్టాఫీసు మాకు నాలుగు వీధుల అవతల. అంత దూరం నడిచే లోపు, ఈ ఖర్చు నిజంగా దానికి తగిందేనా అని రెండుసార్లయినా ఆలోచిస్తాను. తీసిన తర్వాతి జీతం నుంచే మళ్లీ నింపడం మొదలు, పాలవాడికి ఇచ్చే ముందు. ఇదొక్కటే కష్టమైన పని. మిగతావన్నీ అలవాటవుతాయి.

మోటారు సంగతికొస్తే, రెండో రోజు వేరే మనిషిని పిలిపించాం. అతను బోరులోంచి పైపులన్నీ ఒక్కొక్కటే పైకి లాగించి, మోటారు తీసుకుని వైండింగు షాపుకి నడిచాడు. నేనూ వెళ్లాను. విప్పుతుంటే చూశాను, తీగల మీద ప్లాస్టిక్కు తొడుగు కరిగి నల్లటి ముద్దయింది, మాడు వాసన. "బాడీ బాగుంది, షాఫ్టు బాగుంది, చుట్టిస్తే ఇంకో ఐదేళ్లు లాగుతుందమ్మా" అన్నాడు. తీత, దింపు 2,500. వైండింగు 4,800. బుష్షులు 600. కేబులు అతుకు 400. కాలిన రాగిని త్రాసులో వేసి 900 తగ్గించారు. మొత్తం 7,400. సగం అప్పుడిచ్చి, మిగతా సగం ఒకటో తారీఖున ఇస్తామంటే షాపాయన తలూపాడు. మూడో రోజు మధ్యాహ్నానికి కుళాయిలో నీళ్లు, మొదట కాస్త ఎర్రగా, తర్వాత తేటగా.

జూన్ జీతం రాగానే డబ్బాలో 500 పెట్టి, అమ్మ పద్దు పుస్తకం తీశాను. 1988 డిసెంబరు పేజీలో, అన్నిటికంటే పైన, బియ్యం కంటే ముందు, "కుం.డ. 10" అని ఉంది. జనవరిలో 10. ఫిబ్రవరిలో 10. ప్రతి నెలా అదే చోట, అదే వంకర "కుం". 1990లో తాతయ్య పోయిన నెలలో పదకొండో రోజు వంటవాడికి, బ్రాహ్మలకి, బంధువుల రైలు ఛార్జీలకి రాసిన పద్దులతో పేజీ నిండిపోయి, అంచుల్లోకి కూడా పాకింది. వాటన్నిటికీ పైన "కుం.డ. 5" అని ఉంది. 1991 ఏప్రిల్లో ఆ పద్దు పక్కన 300 అని రాసి, కింద గీత గీసింది.