ముంక్ చిత్రించిన రోగి బాలిక

నార్వే దేశపు చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ 1896లో పారిస్ నగరమున 'రోగి బాలిక' అను రంగుల రాతియచ్చు బొమ్మను వెలువరించెను. అందు గది లేదు, మంచము లేదు, మందుసీసా లేదు. తలగడ కానుకొనియున్న యొక బాలిక శిరస్సు మాత్రము ప్రక్కవాటుగా గానవచ్చును. చెదరిన జుట్టు, పీల్చుకొనిపోయిన చెక్కిలి, ఎటో నిలిచిన చూపు, అంతియే.

ముంక్ తల్లి 1868లో క్షయవ్యాధిచే మరణించినప్పు డాతని కైదేండ్లు. 1877లో అక్క సోఫియా పదునైదవయేట నదే వ్యాధికి బలియయ్యెను. ఆ వ్యాధికి హేతువగు సూక్ష్మజీవిని కాక్ పండితుడు కనుగొన్నది 1882లో గదా! ముంక్ ఈ విషయమునే తైలవర్ణములతో జిత్రించి 1886లో బ్రదర్శింపగా, క్రిస్టియానియా, అనగా నేటి ఆస్లో, నగరమున విమర్శకు లది అసంపూర్ణమని యెగతాళి చేసిరి.

ఆ తైలచిత్రమున బాలిక చెంత తలవాల్చి కూర్చున్న యొక స్త్రీ కలదు. ఆమెను జూచి, ఇచట దుఃఖింపవలెనని మనము తెలిసికొందుము. రాతియచ్చులో నామె లేదు. ఈ బొమ్మ యొక్క ధైర్యమంతయు నిందే యున్నదని మా యభిప్రాయము. మనకు మాఱుగా నేడ్చువారు లేరు. ఆ కుర్చీ చూపరిదే.

ఇక వర్ణముల మాట. రాతిపై జిడ్డుబలపముతో గీచినచోట సిరా పట్టును; తడిసియున్న తక్కినచోట బట్టదు. సాధారణముగా రంగున కొక రాయి వలయును. 1894లో రవివర్మ బొంబాయిలో నెలకొల్పిన ముద్రాలయమునను ఇదే పద్ధతి. అచట నొక లక్ష్మీపటము మఱియొక లక్ష్మీపటమువలెనే యుండుట పనివాని నేర్పు. ముంక్ అట్టి సామ్యమును కోరలేదు. ఆగస్త్ క్లో అను ముద్రాపకుని యొద్ద అవే రాళ్లను వేఱువేఱు సిరాలతో, వేఱువేఱు కలయికలతో నచ్చొత్తించెను. అతడు రాళ్లయెదుట గన్నులు మూసికొని, వ్రేలు గాలిలో నాడించుచు రంగుల పేర్లు పలికెనని పాల్ హెర్మన్ అను చిత్రకారుడు చెప్పెను. ఎఱ్ఱని ప్రతి ప్రసిద్ధమైనది. అందు జుట్టును తలగడయు గూడ జ్వరముతో గాలుచున్నట్లుండును. మాకు మాత్రము నలుపు మిక్కుటమైన ప్రతులే యెక్కువ నచ్చినవి. ఎఱుపు మనలను వెంటనే పట్టుకొనును. నలుపులో నా పిల్ల మనలను లెక్కచేయకయే యున్నది. పిమ్మట జర్మనీలో ఎక్స్‌ప్రెషనిస్టులని పేరొందిన యువకులు ముంకును తమకు మార్గదర్శిగా నెంచుటకు ఇట్టి వర్ణస్వాతంత్ర్యమును గారణము.

తోబుట్టువు చావును మఱిమఱి యచ్చొత్తి విక్రయించుట తగునాయని యడుగువారు కలరు. ఈ ప్రశ్నను ద్రోసివేయరాదు. ఐనను, సంబంధములు చెడునను భయముచే క్షయయను మాటనే యింట బలుకనీయని కుటుంబములు మన దేశమునను గలవు. అట్టి యిండ్లలో రోగిపిల్ల ముఖమును దిన్నగా జూచువారెవరు? ముంక్ చూచెను. అమ్మకమే యాతని కోరికయైనచో మెప్పువడసిన యొక రంగునే మరల మరల నచ్చొత్తించియుండును. అతడు తైలవర్ణములతో నీ విషయమును ఆఱుమాఱులు చిత్రించెను. కడపటి పటము 1927 ప్రాంతమునది. అప్పటికి సోఫియా పోయి యేబదియేండ్లు.